పదిహేడో నంబరు ఎలుక తెలివి

మా మేనమామను బంధువులంతా ఎలుకల మామయ్య అంటారు. ఒక పరిశోధనశాలలో ఎలుకలకు మేత వేయడం, పంజరాలు కడగడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే వాసన. నన్ను ఇప్పటికీ మా తమ్ముడి పేరుతోనే పిలుస్తాడు గానీ, ఏ ఎలుకది ఏ నంబరో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఆ ఏడాది అక్కడి సైంటిస్టమ్మ నలభై ఎలుకలను రెండు వరుసలుగా పెట్టించింది. ఎడమ వరుసకు కొవ్వు, చక్కెర దట్టించిన మేత. కుడి వరుసకు పీచు ఎక్కువున్న మేత. తిండిని బట్టి మెదడులో వాపు వస్తుందా, జ్ఞాపకం తగ్గుతుందా అన్నది ఆవిడ చూడాలి. మామయ్య ఈ సంగతి ఇంట్లో చెప్పి తన గొయ్యి తానే తవ్వుకున్నాడు. మర్నాటి నుంచి అత్తయ్య ఆయన డబ్బాలో వేపుళ్లు మానేసి ఉడికించిన ఆకుకూరలు పెట్టింది.

ఆయనకు ఆకుకూరంటే ఒళ్లుమంట. పారేద్దామంటే అత్తయ్య కష్టం గుర్తొచ్చేది. ఎడమ వరుసలో పదిహేడో నంబరు ఎలుక ఊచలు పట్టుకుని డబ్బా వంకే చూసేది. పోనీలే అని కాస్త వేశాడు. అది ఆవురావురుమని తింది. ఇక రోజూ దానికి ఆకుకూర, ఆయనకు క్యాంటీన్ వేపుడు. పదిహేడు ముట్టని కొవ్వు మేతను గుట్టుచప్పుడు కాకుండా ఊడ్చేసేవాడు.

నాలుగు నెలలకు పరీక్ష పెట్టారు. చిక్కుదారుల పెట్టెలో ఎడమ వరుస ఎలుకలన్నీ దిక్కుతోచక తిరిగాయి. పదిహేడు మాత్రం నేరుగా వెళ్లి మేత ముందు కూర్చుంది.

"చూశారా! కొవ్వు తిన్నా దీని బుర్ర చెక్కుచెదర్లేదు. దీనిమీద వేరే పరిశోధన మొదలుపెడతా!" అని సైంటిస్టమ్మ చప్పట్లు కొట్టింది.

మామయ్య ఇరుకున పడ్డాడు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆవిడ లేని అద్భుతం వెంట ఏళ్ల తరబడి తిరుగుతుంది. మూడు రోజులు ముద్ద దిగలేదు, వేపుడు కూడా. నాలుగో రోజు చెప్పేశాడు.

"దాని గొప్పేం లేదమ్మా. అది మా ఆవిడ వంట తిన్నది."

సైంటిస్టమ్మ మొహం చూడలేకపోయానని తర్వాత నాతో అన్నాడు. ఉద్యోగం అయితే తియ్యలేదు, పదిహేడునే లెక్కలోంచి తీసేసింది. "అది ఏం తిన్నదో రాసుకోవాలిగా, మీ ఇంటికి ఫోన్ కలపండి" అంది. మామయ్య ఉద్యోగం పోయినా అంత భయపడేవాడు కాదు.

ఫోన్ సంగతి తెలిసి, సాయంత్రం తమాషా చూద్దామని నేనూ వాళ్లింటికి వెళ్లాను. అత్తయ్య అరవలేదు.

"మీ అన్నయ్య చివరి రోజుల్లో మీ వదినని 'ఎవరమ్మా నువ్వు' అనడిగారు. ఆ మాట మీ నోట నేను వినలేనండి. అందుకే ఆకుకూరలు పెట్టా" అంది మామయ్యతో.

తమాషాకి వచ్చినందుకు నాకు సిగ్గేసింది. మామయ్య కంచం ముందు కూర్చుని ఆకుకూర తిన్నాడు. సగంలో తలెత్తి, "దీన్ని అది అంత ఇష్టంగా ఎలా తిన్నదే?" అన్నాడు.

అత్తయ్య ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ ఇంకో గరిటె వడ్డించింది.