జంట బిస్కెట్లు

నా చిన్నప్పుడు నాకు కూర్చోవడం రాదని మా వీధి మొత్తానికి తెలుసు. అన్నం తింటూ లేచి తిరిగేదాన్ని. జడ వేస్తుంటే సగం జడతోనే బయటికి పరుగెత్తేదాన్ని. కాలుకాలిన పిల్లి అని మా అమ్మ పెట్టిన పేరు ఇప్పటికీ వదల్లేదు. నాకు వినపడదనుకుని మనవలు కూడా అదే అనుకుంటారు. అలాంటి నన్ను ఒక పూటంతా ఒకచోట కూర్చోబెట్టిన మనిషి మా పక్కింటి అక్క ఒక్కతే. ఎలా కూర్చోబెట్టిందో చెబితే అది మోసం అంటారు మీరు. నేనూ అప్పుడు అదే అన్నాను.

మేమప్పుడు విజయపురి సౌత్‌లో డ్యామ్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్నదీ, అక్క వాళ్ళ నాన్నదీ ఒకటే ఆఫీసు. అక్క టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉండేది. క్రిస్మస్ వాళ్ళ పండగే అయినా, బిస్కెట్లు మాత్రం వీధి అందరివీ. డిసెంబరు రాగానే అక్క పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, మధ్యలో దారంతో కుట్టి, క్యాలెండరు కాగితంతో అట్టవేసి, చిన్నచిన్న వంటల పుస్తకాలు తయారుచేసేది. గుండ్రటి అక్షరాలతో అన్నీ తనే రాసేది. మొదటి పేజీలో జంట బిస్కెట్లు, తర్వాత చెక్కలు, గోంగూర పచ్చడి, ఇంకా ఏవేవో. పండగ రోజు బిస్కెట్ల పొట్లంతో పాటు ఇంటికో పుస్తకం ఇచ్చేది. అది చూసి ఎవరూ బిస్కెట్లు చేసిన పాపాన పోలేదు. అక్క చేసిచ్చేవి ఉండగా ఎవరికంత ఓపిక?

ఆ ఏడు పండగకు ముందురోజు పొద్దున్నే మా అమ్మకు నొప్పులు వచ్చాయి. నెలలు నిండలేదు. నాన్న ఆఫీసు జీపు అడిగి తెచ్చి, అమ్మను ఎత్తి కూర్చోబెట్టి మాచర్ల ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నన్ను పక్కింట్లో దించుతూ, అక్కను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. అమ్మ జీపులోంచి నా వైపు చూసింది. జీపు వెళ్ళిపోయాక చూస్తే ఆమె చెప్పులు మా వాకిట్లోనే ఉన్నాయి. అమ్మ చెప్పులు లేకుండా వెళ్ళిందన్న సంగతి నన్ను ఎందుకో చాలా భయపెట్టింది.

ఇక నా కాళ్ళకు నిలకడ లేదు. జీపు వాళ్ళను దించి ఆఫీసుకు వచ్చేస్తుంది, నాన్న తిరిగి రావాలంటే బస్సులోనే రావాలి. మాచర్ల నుంచి బస్సు వచ్చిన చప్పుడు వినపడితే గేటు దగ్గరికి, చప్పుడు ఆగితే లోపలికి. లోపల అక్క కుంపటి మీద పెద్ద గిన్నె పెట్టి, అడుగున ఇసుక పోసి, మూత మీద నిప్పులేసి బిస్కెట్లు కాలుస్తోంది. నెయ్యి వాసన ఇల్లంతా నిండింది. మామూలు రోజైతే ఆ గిన్నె చుట్టూనే తిరిగేదాన్ని. ఆ రోజు దాని వైపే వెళ్ళలేదు.

"ఏందే ఆ తిరగటం? ఇట్టా వచ్చి కూసో," అంది అక్క. చల్లారిన బిస్కెట్లన్నీ ఒక చేటలో పోసి నా ముందు పెట్టింది. అవి చేత్తో వత్తినవి. ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి కాస్త కోల, ఒకటి గుండ్రం, ఒకటి అంచు మాడింది. రెండేసి చొప్పున సరిపోయేవి వెతికి, జతలు పేర్చాలి. అన్నీ అయ్యాక బెల్లం పాకంలో కలిపిన నువ్వుల పొడి మధ్యలో పెట్టి అంటించాలి. జత సరిగా కుదరకపోతే పాకం బయటికి కారుతుందట.

మొదట విసుక్కున్నాను. తర్వాత ఎప్పుడు మునిగిపోయానో తెలియదు. ఒక బిస్కెట్టు చేతిలో పట్టుకుని దాని తోడు కోసం చేటంతా గాలించడం, దొరికితే పక్కన పెట్టడం. బస్సు చప్పుడు వస్తే మాత్రం లేచి పరుగెత్తేదాన్ని. ఎవరెవరో దిగేవాళ్ళు, నాన్న దిగేవాడు కాదు. మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. తమాషా ఏమిటంటే ఎంతసేపు చేసినా ఆ చేట తరగలేదు. నేను వరుసగా పేర్చి వెళ్ళిన జతలు, గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి తక్కువగా కనిపించేవి. నాకే లెక్క తెలియడం లేదనుకున్నాను. ఈ మాత్రం పని కూడా చేతకాదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఇంకో బస్సు వచ్చింది. నాన్న అందులోనూ రాలేదు. ఈసారి ముందు వాకిలి నుంచి కాకుండా పెరటి వైపు నుంచి వచ్చాను. వంటింటి కిటికీలోంచి చూస్తే, అక్క చేట ముందు కూర్చుని నేను పేర్చిన జతలన్నిటినీ రెండు చేతులా కలగలుపుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి వెళ్ళి, "నువ్వేనా చెడగొడతంది?" అని అరిచాను. అక్క బుకాయించలేదు. చేతులు కూడా తీయలేదు.

"నేనేనే," అంది. "మీ అమ్మకి చానా కష్టంగా ఉందంట. మీ నాయన నాతో చెప్పి పోయాడు. నీకెట్టా చెప్పాలో తెలవలా. చేతుల్లో పనుంటే కాస్త నిమ్మళంగా ఉంటావని..." అని ఆగి, "నేను గూడా," అంది.

అప్పుడు చూశాను ఆమె ముఖం. అంతవరకు నా భయం నాకు సరిపోయింది, ఇంకెవరైనా భయపడుతున్నారేమోనన్న ధ్యాసే లేదు. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిప్పుల పొగ అనుకున్నాను పొద్దుటినుంచీ. ఆమె పక్కన చతికిలబడి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, ఏం కాదులే అనలేదు. ఏమవుతుందో ఆమెకూ తెలియదు మరి. కాసేపటికి ఇద్దరం చేటకు చెరో పక్క కూర్చుని మళ్ళీ మొదటినుంచి జతలు పేర్చాం. అయిపోవస్తుంటే అక్క నా వైపు చూసింది. ఈసారి కలగలిపింది నేనే.

దీపాలు పెట్టే వేళకు నాన్న వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, అమ్మ బతికిందని చెప్పాడు. తమ్ముడు పుట్టాడట, దక్కలేదట. బట్టల కోసం వచ్చాడు, మళ్ళీ మాచర్ల బస్సుకు ఇంకా టైముంది. అక్క వాళ్ళమ్మ మంచినీళ్ళిస్తే తాగలేదు. కూర్చున్నాడు, లేచాడు, గేటు దాకా వెళ్ళాడు, వచ్చాడు. ఈ కాలుకాలిన గుణం నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

నేను వెళ్ళి చేట తెచ్చి ఆయన ముందు పెట్టాను. పేర్చి ఉన్న జతలన్నీ ఆయన చూస్తుండగానే కలిపేశాను. "సరిపోయేయి చూసి జతలు పెట్టాలంట నాన్నా," అన్నాను. నాన్న నా వైపు అర్థంకానట్టు చూశాడు. ఒక బిస్కెట్టు తీసుకున్నాడు. ఇటూ అటూ తిప్పాడు. దాని తోడు కోసం చేటలో వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. బస్సు హారన్ వినపడేదాకా ఆ పెద్దమనిషి బిస్కెట్లకు జతలు పెడుతూనే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు అమ్మ చెప్పులు గుర్తుచేశాను. కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

అమ్మ ఇంటికొచ్చిన రోజున అక్క నాకూ ఒక పుస్తకం ఇచ్చింది. ఆ వేసవిలోనే ఆమెకు బొల్లాపల్లి వైపు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఆ పుస్తకం అరిగి, దారం తెగి, ఏనాడో పోయింది. గుర్తున్నవి రాసి, ఇప్పుడు అలాంటి పుస్తకాలు నేనే కుడుతున్నాను. ఫోన్లో చూస్తే లక్ష వంటలుంటాయి, ఇదేం చాదస్తం అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. కొత్త కాపురం పెట్టినవాళ్ళకి, మా వీధిలో ఇల్లు మారి వచ్చినవాళ్ళకి నా కానుక అదే. మొదటి పేజీలో జంట బిస్కెట్లు. అక్క రాయని మాట ఒకటి చివర నేను చేరుస్తాను: జతలు పెట్టే పని ఇంట్లో ఎదురుచూస్తున్నవాళ్ళకు ఇవ్వండి. తొందరగా అయిపోతే కలిపేయండి. పట్టుబడితే అబద్ధం చెప్పకండి, పక్కన కూర్చోండి.

మొన్నీమధ్య గురజాల నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మా పక్కవాటాలో అద్దెకుండి వెళ్ళినప్పుడు నా పుస్తకం పట్టుకెళ్ళిన పిల్ల. ఆమె భర్తకు గుంటూరులో గుండె ఆపరేషన్ జరుగుతోంది. చంటిబిడ్డతో తను ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. ఆ మాటలన్నీ చెప్పి, "పిన్నీ, జతలన్నీ అయిపోయినయి, ఆస్పత్రి నించి ఇంకా ఫోను రాలా," అంది.

నాకు ధైర్యం చెప్పడం ఇప్పటికీ రాదు. "కలిపెయ్యమ్మా," అన్నాను. "నేను లైన్లోనే ఉంటా."

అవతల చేటలో బిస్కెట్లు కలగలిసిన చప్పుడు వినిపించింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కాలు కదపకుండా కూర్చున్నాను.