ఐరన్ మాత్ర, లాల్ చా

1986. బెంగాల్లోని వాట్‌గంజ్‌లో ఓడరేవు గోడ పక్కనున్న ఒక చిన్న ధర్మాసుపత్రిలో నేను నర్సుని. గర్భిణుల ఔట్‌డోర్, అంటే వచ్చి చూపించుకుని వెళ్ళిపోయే విభాగం, నాది. తెలుగువాళ్ళొస్తే వాళ్ళ మాట బెంగాలీ డాక్టరమ్మకు చేరవేసేదీ నేనే.

రాములమ్మ శ్రీకాకుళం వైపు మనిషి. కార్పొరేషన్ రోడ్లు ఊడ్చే జట్టులో చేరి ఏడాదైనా కాలేదు, బెంగాలీ రాదు. ఐదో నెల. హిమోగ్లోబిన్, అంటే ఒంట్లో రక్తం ఏపాటి ఉందో చెప్పే లెక్క, పదకొండుండాల్సింది ఏడు. మొదటి కాన్పులో రక్తం పోయి చావు తప్పించుకుంది. ఈసారీ అలాగే జరిగితే బతకదని డాక్టరమ్మ అన్నారు. రోజుకో ఐరన్ మాత్ర ఇచ్చాం.

రెండు నెలల తర్వాత చూస్తే ఆరున్నర! నాకు ఒళ్ళు మండిపోయింది.

"మాత్రలన్నీ కాలవలో పారేశావా?"

"ఒట్టు దిదీ, ఒక్క రోజూ మాన్నేదు."

"అబద్ధాలాడకు. మింగితే రక్తం ఎందుకు పట్టదు?"

క్యూలో అందరి ముందూ కడిగేశాను. ఆమె తల వంచుకుంది.

డాక్టరమ్మ మలం రంగు అడగమన్నారు. నల్లగా వస్తోందట. ఐరన్ మింగేవాళ్ళకు అలాగే అవుతుంది, అంటే ఆమె చెప్పింది నిజమే. ముందు నేనడగాల్సిన ప్రశ్న అది. దేంతో మింగుతున్నావంటే, పొద్దున్నే ఊడ్చడం అయ్యాక జట్టుతో కలిసి తాగే లాల్ చాతో అంది. పాలు లేని చిక్కటి టీ అది.

డాక్టరమ్మ తన టీ గ్లాసులో ఒక మాత్ర నలిపి వేశారు. చూస్తుండగానే సిరాలా నల్లబడింది. టీకి వగరునిచ్చే ఫ్లేవనాయిడ్ల వంటి పదార్థాలు మామూలుగా ఒంటికి మంచివేనట. కానీ ఇనుమును పేగులోనే పట్టేసుకుంటాయట. అబ్జార్ప్షన్, అంటే మందు రక్తంలోకి ఇంకడం, బాగా తగ్గిపోతుందట.

"చాతో మింగమని ఎవరు చెప్పారో అడుగు," అన్నారు.

అడిగాను. రాములమ్మ నా వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. పరగడుపున వేసుకుంటే వాంతొస్తోందని మొదటి వారం వచ్చి చెబితే, క్యూ తొందరలో "చాతో వేసుకో, పో" అన్నది నేనే.

"ఎవులూ సెప్పనేదు దిదీ. నానే ఏసుకున్నాను."

అబద్ధాలకోరని నేను తిట్టిన మనిషి ఆ రోజు ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది, నా కోసం. దాన్ని బెంగాలీలోకి మార్చాల్సింది కూడా నేనే. మార్చలేకపోయాను.

"నేనే చెప్పాను డాక్టర్," అన్నాను.

అప్పట్నుంచి మాత్ర నిమ్మనీళ్ళతో, చా రెండు గంటలు ఆగాక. నెలన్నరకు ఎనిమిదిన్నర అయింది. కాన్పులో తల్లీపిల్లా క్షేమం.

తర్వాత ఇరవై ఏళ్ళు నర్సుగా చేశాను. మందు పనిచేయలేదని వచ్చినవాళ్ళను "మింగావా?" అని మొదట ఎప్పుడూ అడగలేదు. "మేం ఎలా మింగమన్నాం?" అని అడిగేదాన్ని.