మడుల పేర్లు పోయిన పాట

ఆ పాట ఎవరు రాశారని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఎవరూ రాయలేదు, మా అమ్మ పాడింది అంటే వినరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది నాకు. సరే, ఈ ఒక్కసారికి చెబుతాను.

మాది స్టీలు ప్లాంటు కింద పోయిన ఊరు. ఊడుపుల్లో, అంటే వరి నాట్లప్పుడు, పాట ఎత్తడం అమ్మ పని. దానికో పద్ధతి ఉండేది. ఏ మడిలో నాటుతుంటే ఆ మడి పేరు పాటలో పలకాలి. గట్టు దాటగానే పేరు మారాలి. గెడ్డ మడి, ఏతం మడి, మేనత్త మడి... ఎగువ నుంచి నీళ్ళు దిగే వరసలోనే పేర్లు రావాలి. తప్పితే వెనకున్న ఆడవాళ్ళు ఊరుకునేవారా? ‘ఏటే, నీళ్ళు ఎనక్కి పారతన్నాయేటి?’ అని ఏడిపించేవారు.

డెబ్బైల చివర్లో భూములు పోయాయి. గాజువాకలో ఒంటిగది అద్దెకు తీసుకున్నాం. అమ్మ మళ్ళీ ఆ నేలమీదికే వెళ్ళింది, కాంక్రీటు తట్టలు మొయ్యడానికి. గట్లు లేవు, అంతా చదును. అయినా తట్ట ఎత్తుకుని అదే పాట, అదే వరసలో పాడేది. చివర ఒక్క చరణం కొత్తగా కలిపింది: ‘నాటిన సేతులికి మడేదమ్మా’ అని.

“ఒంట్లో ఓపిక లేదు, ఆ పాటెందుకమ్మా?” అని విసుక్కునేదాన్ని.

“నాను పాడకపోతే ఏ మడి ఎక్కడుందో ఎవులికి తెలుస్తాదే?” అనేది.

భూములు పోయినవాళ్ళ కోసం కూర్మన్నపాలెంలో సభ పెట్టినవాళ్ళు ఆ చరణం విని ఇంటికొచ్చి పాట నేర్చుకున్నారు. డప్పు కలిపారు, దరువు పెంచారు. పేర్లు మాత్రం తీసేశారు. “బయటోళ్ళకి ఈ మడులేటో తెలీదు కదమ్మా, పాటకి అడ్డం వత్తన్నాయి” అన్నారు. మంచివాళ్ళే, కాదనను. పాట ఊరూరా పాకింది. ఎనభైల్లో ఆనందపురం సంతలో ఎవరో మైకులో పాడుతుంటే విన్నాను. గొప్పగా ఏమీ అనిపించలేదు, ఒళ్ళు మండింది. అమ్మేమో వినీ వినీ ఇంట్లో తనూ వాళ్ళలాగే పాడటం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం నేనే అడిగాను, “పేర్లతో పాడమ్మా, మునపటిలాగ.”

మోకాళ్ళకు నూనె రాసుకుంటూ అందుకుంది. మేనత్త మడి దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది.

“అక్కడినుంచి నీళ్ళు ఎటు దిగుతాయే?” అని నన్నడిగింది.

నాకేం తెలుసు? గట్టుమీద కూర్చుని విన్నదాన్నే గాని నాటినదాన్ని కాదు. ఆ వరస తెలిసిన ఆడవాళ్ళు తలో దిక్కూ పోయారు. వెళ్ళి చూసొద్దామంటే చూడటానికి అక్కడ నేలే లేదు, అంతా షెడ్లు. ఏడుపొచ్చింది నాకు.

అమ్మ పేర్లు లేని ఆ సభవాళ్ళ పాట అందుకుంది. అది ఎక్కడా ఆగకుండా చివరిదాకా వచ్చింది.