పన్నెండు పప్పుగుత్తులు

మెట్రో రైలు ఇంకా దిల్‌సుఖ్‌నగర్ నెత్తిమీదకి ఎక్కని రోజులవి. అప్పట్లో మా వీధిలో ఏ మెట్లెక్కినా పైన ఏదో ఒక కోచింగ్ సెంటర్ తగిలేది. కింద రెండంతస్తుల్లో బ్యాంకు పరీక్షలు, వాటిపైన మూడో అంతస్తులో మేము. మా బోర్డు మీద ‘ఆరోగ్య సేవలు’ అని మాత్రమే ఉండేది. (అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాసినా ఖాళీ చేయిస్తానని బిల్డింగు ఓనరు ముందే చెప్పాడు.) అందుచేత వారానికి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఆయాసపడుతూ ఎక్కొచ్చి బీపీ చూడమని చేయి చాపేవాళ్ళు. నేను చూసేవాణ్ణి కూడా. మెషిన్ లేదు కాబట్టి ముఖం చూసి చెప్పేవాణ్ణి. అందరికీ నార్మలే. నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ కొత్తవాళ్ళను ముందే హెచ్చరిస్తుంది, మీకూ అదే చెబుతున్నాను. కానీ పప్పుగుత్తుల సంగతి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏమీ తీసేయకండి, అందులో నేను కలిపింది చాలా తక్కువ.

మా అసలు పని వేరు. సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్ళకు కొత్త సూదులిచ్చి పాతవి వెనక్కి తీసుకోవడం, ఎల్బీనగర్ చౌరస్తా నుంచి హయత్‌నగర్ దాకా ఆ హైవే మీద సెక్స్ వర్క్ చేసి బతికే ఆడవాళ్ళకు కండోములు, రక్తపరీక్షలు, మందులు అందేలా చూడటం. ‘మానెయ్యండి’ అని నీతులు చెప్పడం మా పని కాదు. మానినా, మానకపోయినా మనిషి రోగం లేకుండా బతకాలి, అంతే. ఈ పని రోడ్డుమీద చేసేది కూడా ఆ ఆడవాళ్ళే. వాళ్ళలోంచి కొందరిని ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, తోటివాళ్ళ దగ్గరికి పంపాలి. ఆ శిక్షణ ఇచ్చే ఉద్యోగానికి ఎంపికైన మేధావిని నేను. వయసు ఇరవై నాలుగు. చేతిలో సోషల్ వర్క్ పీజీ పట్టా. లోపం ఒక్కటే, ‘కండోమ్’ అనే మాట నా నోట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఇంటర్వ్యూలో ‘ఆ రక్షణ పరికరం’ అన్నాను. ‘అబ్బాయికి సబ్జెక్టు బాగా తెలుసు’ అనుకుని మా డైరెక్టర్ సార్ అక్కడికక్కడే ఆర్డరు ఇచ్చేశారు. ఇంట్లో మా అమ్మకు మాత్రం ‘మందుల ఆఫీసు’ అని చెప్పాను. మా వాళ్ళు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. మా అమ్మకు ఆఫీసు అంటే ఆఫీసే, లోపల ఏముంటే ఏం?

మొదటి బ్యాచ్ కుదిరింది. పన్నెండు మంది. వాళ్ళకు పెద్దక్కలాంటిది పూలక్క. చౌరస్తాలో బుట్టలో మల్లెపూలు పెట్టుకుని కూర్చునేది, అందుకే ఆ పేరు. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి, నలభైకి దగ్గర, నోరు తెరిస్తే నవ్వైనా రావాలి, తిట్టైనా రావాలి. శిక్షణ చివరి రోజున రాష్ట్ర కార్యాలయం నుంచి ఒక మేడమ్ వచ్చి చూసి, బాగుందని సంతకం పెడితే పన్నెండు మందికీ ఫోటో ఉన్న గుర్తింపు కార్డులు వస్తాయి. ఆ కార్డు విలువ నాకప్పటికి తెలియదు. పూలక్క చెప్పింది. ‘సంచిల కండోములు కనవడితె సాలు సారు, పోలీసోళ్ళు బండెక్కు అంటరు. గీ కార్డు మెడల ఉంటె, నేను డ్యూటిల ఉన్న అని చెప్తా. నా బతుకుల డ్యూటి అనే మాట నేనెన్నడు అనలె.’ ఫోటో దిగే రోజున ఆమె ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది. కార్డులో కనిపించేది మెడదాకానే అని నేను చెబితే, ‘కెమెరకు కనవడకుంటె మానె, నాకు కనవడ్తది గద’ అంది.

ఇక చివరి రోజున ప్రదర్శన ఉంటుంది. కండోమ్ ఎలా తొడగాలో కొయ్య నమూనా మీద చూపించాలి. పై ఆఫీసు నుంచి రావలసిన నమూనాలు రాలేదు. ‘ఇక్కడే పన్నెండు చేయించవయ్యా, అదేమంత బ్రహ్మవిద్య’ అన్నారు డైరెక్టర్ సార్. సైదాబాద్ సందులో లేత్ మిషన్ పెట్టుకున్న వడ్రంగి, వడ్ల తాత దగ్గరికి వెళ్ళాను. మంచం కోళ్ళు, అప్పడాల కర్రలు, బొంగరాలు, ఏదైనా నున్నగా తిప్పి ఇస్తాడని పేరు.

‘ఏం జెయ్యాలె బిడ్డా?’ అన్నాడు.

నేను అటూ ఇటూ చూసి, పేపరు ముక్క మీద బొమ్మ గీశాను. ఒక కర్ర, చివర గుండ్రంగా. ఆయన పేపరును అటు తిప్పి, ఇటు తిప్పి, తలకిందులుగా పట్టుకున్నాడు.

‘ఏందిది? దేనికి వాడ్తరు?’

‘అదీ... ఆడవాళ్ళకు చూపించడానికి.’

‘ఆడోళ్ళకా? ఇంట్ల సామానా?’

‘ఆ... అలాంటిదే’ అన్నాను, చెవులు కాలిపోతుంటే.

‘గట్ల చెప్పు మరి! బొమ్మ సక్కగ రాలె నీకు. నాకు సమజైంది, నువ్వు ఫికరు జెయ్యకు’ అని భుజం తట్టాడు. ఆయనకు అర్థమైందన్న సంతోషంతో, ఏమర్థమైందో అడగకుండా వచ్చేశాను.

శిక్షణ చివరి రోజు పొద్దున్నే వెళ్ళి మూట తెచ్చుకున్నాను. తాత దాన్ని పాత పేపర్లలో చుట్టి పురికొసతో గట్టిగా కట్టాడు. విప్పి చూసుకోవాలి కదా? సిటీ బస్సులో, పక్కన తులసిమాల వేసుకున్న పెద్దాయన కూర్చుంటే ఎలా విప్పను? ఆఫీసుకెళ్ళాక విప్పుదామంటే మెట్లమీద బ్యాంకు కోచింగ్ పిల్లలు. హాల్లోకి వెళ్ళేసరికి మేడమ్ వచ్చి కూర్చున్నారు. నేత చీర, ముక్కుమీద కళ్ళజోడు, చేతిలో ఫౌంటెన్ పెన్ను. ఆవిడ పక్కన బల్లమీద పన్నెండు కార్డులు, సంతకం కోసం చూస్తున్నాయి. పన్నెండు మందీ చాపలమీద కూర్చుని ఆ కార్డులనే చూస్తున్నారు.

‘ఇప్పుడు మనం... ఆ పరికరాన్ని... నమూనా మీద...’ అంటూ పురికొస తెంపాను.

పన్నెండు పప్పుగుత్తులు.

మామూలువి కావు. టేకు కర్ర, నిగనిగలాడుతున్నాయి. ఒక్కోదాని తలమీద, పప్పు బాగా మెదగాలని, పదునైన గాట్లు. ఆ పనితనం చూస్తే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

‘సారు, ఇయాల మనకు మామిడికాయ పప్పా?’ అంది పూలక్క.

చాపలమీద నవ్వులు పొర్లాయి. మేడమ్ మాత్రం నవ్వలేదు. ‘ఇవేమిటండీ?’

అబద్ధం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ‘ఇది కొత్త పద్ధతి మేడమ్. ఇంట్లో దొరికే వస్తువులతో నేర్చుకోవడం’ అన్నాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ప్యాకెట్టు చింపి ఒక పప్పుగుత్తికి తొడగబోయాను. గాటు తగిలి టప్పుమని చినిగింది. రెండోది. టప్. మూడోది సగందాకా వెళ్ళింది, ప్రాణం లేచొచ్చింది, అప్పుడు టప్. మేడమ్ పెన్నుకు మూత పెట్టేశారు.

‘కండోమ్ చినిగిపోతుందని నేర్పించడానికా ఈ శిక్షణ? సరైన నమూనా లేనిదే ప్రదర్శన లేదు, ప్రదర్శన లేనిదే శిక్షణ పూర్తయినట్టు నేను రాయలేనండీ. నాలుగింటిదాకా ఉంటాను. తర్వాత కార్డులు నాతో తీసుకెళ్ళిపోతాను.’

నవ్వులు ఆగిపోయాయి. పూలక్క కార్డులవైపు ఒకసారి చూసి, కొంగు నడుముకు దోపుకుని లేచింది. మూట తిరిగి కట్టి నా చేతిలో పెట్టింది. ‘యాడ చేయించిండ్రు సారు? నడువుండ్రి.’

ఆటోలో ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది. మలక్‌పేట వైపు తిరిగే మలుపు దగ్గర, ‘ఏమని చెప్పిండ్రు గా తాతకు?’ అని అడిగింది. చెప్పాను. ఆమె నావైపు తిరిగింది.

‘సారు, తాగొచ్చినోడు మీదికొచ్చి, నాకేం వద్దు అంటడు. వాని మొకం మీద చెప్పాలె, ఇది లేకుంటె వద్దు పో అని. మీరొక ముసలాయనకు చెప్పనీకె సిగ్గువడ్తిరి. మీరు నోరు దెరవకుంటె మా వాళ్ళు ఎట్ల దెరుస్తరు? గీ సారి నేను చెప్ప. మీరే చెప్పాలె.’

వడ్ల తాత దుకాణంలో లేత్ మిషన్ గిర్రున తిరుగుతోంది. మంచం కోడు సగంలో ఉంది. ‘మిషన్ ఆపితె పని చెడిపోతది బిడ్డా, గట్టిగ చెప్పు!’ అని అరిచాడు. పూలక్క గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, నావైపే చూస్తోంది. ఎదురింటి మేడమీద ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. పక్కన టీ కొట్టు దగ్గర నలుగురు. నేను గొంతు సవరించుకున్నాను, మళ్ళీ సవరించుకున్నాను. చివరికి కళ్ళు మూసుకుని, మిషన్ చప్పుడును మించి అరిచాను:

‘తాతా! అది పప్పుకు కాదు! కండోమ్ ఎట్లా తొడగాలో ఆడవాళ్ళకు నేర్పించడానికి! మొగవాడి అంగంలా ఉండాలి! నున్నగా ఉండాలి! కండోమ్ చినగకూడదు!’

కళ్ళు తెరిచేసరికి మిషన్ ఆగిపోయింది. (పని చెడిపోతుందన్నవాడే ఆపేశాడు.) బట్టలావిడ చేతిలో లుంగీ అట్లాగే గాల్లో ఉంది. టీ కొట్టు దగ్గర ఎవరూ గుటక వేయడం లేదు. సైదాబాద్ చరిత్రలో ఆ సందు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదని నా అభిప్రాయం. తాత కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని నన్ను చూశాడు.

‘గిదా? గింతదానికి గంత పరేషానా? మొన్ననే చెప్తె ఏం బోయె? టేకు కర్ర పెట్టి, గాట్లు వెట్టి, పాలిష్ గొట్టి, రెండు దినాలు పాణం బెడ్తి!’

‘అట్లడుగు తాతా’ అంది పూలక్క.

‘గాట్లు తీసేస్తె అదే అయితది. తే ఇటు.’

ఒక్కొక్కటే మిషన్‌కు ఎక్కించి గాట్లన్నీ చెక్కేశాడు, చివర గుండ్రంగా తిప్పాడు, గరుకు కాగితం పెట్టి రుద్దాడు. ప్రతిదాన్నీ బొటనవేలితో తడిమి చూసి, ‘దీనికి చినగదు, నాది గ్యారంటీ’ అనేవాడు. పదకొండు గుత్తులు పూర్తయ్యేసరికి టైము మూడుంబావు. పన్నెండోదాన్ని అట్లాగే చంకన పెట్టుకుని ఆటో ఎక్కాం.

మేడమ్ పర్సు సర్దుకుంటున్నారు. నేను ఆయాసం తీర్చుకోకుండానే మొదలుపెట్టాను. సిగ్గంతా ఆ సందులోనే ఖర్చయిపోయింది కాబట్టి గొంతు ఖంగున పలికింది. ‘ముందు కండోమ్ ప్యాకెట్టు మీద తేదీ చూడాలి. తర్వాత ప్యాకెట్టును అంచు దగ్గర చేతితో చింపాలి. పళ్ళతో అస్సలు చింపకూడదు...’

‘సారు’ అంది పూలక్క. ‘పండ్లతోని చింపొద్దు అనుకుంట పండ్లతోనే చింపిండ్రు.’

నిజమే. ప్యాకెట్టు ముక్క ఇంకా నా పెదవిమీదే ఉంది. అప్పుడు నవ్వారు మేడమ్. కళ్ళజోడు జారిపోయేలా నవ్వారు. ‘మీరు కూర్చోండి. ఆవిడ్ని చేయనివ్వండి’ అన్నారు. పూలక్క లేచి, వరుస తప్పకుండా, ఒక్క మాట తడబడకుండా చేసి చూపించింది. చివర్న గాట్లున్న ఆ పన్నెండోదాన్ని తీసుకుని, ‘ఇగో చూడుండ్రి. గోరు తగిలినా, ఉంగరం తగిలినా, తొందరవడ్డా గిట్లనే అయితది’ అని టప్పుమనిపించింది. పదకొండు మందీ ముందుకు వంగి చూశారు. మేడమ్ పెన్ను మూత తీశారు.

రిపోర్టులో ఆవిడ ‘ఇంటి వస్తువులతో వినూత్న బోధన’ అని రాశారు. కొన్నాళ్ళకు అన్ని శిక్షణలకూ ఒక పప్పుగుత్తి తప్పనిసరి అని పైనుంచి ఆర్డరు కూడా వచ్చింది. (ఇక్కడ మాత్రం సగం తీసేయండి.) వడ్ల తాత తన దుకాణంలో రంపాల పక్కన ఒక డబ్బా పెట్టుకున్నాడు. పూలక్క వారానికోసారి కండోములతో నింపేది, మెడలో కార్డు వేసుకుని. ‘రంపం అడిగితె సిగ్గువడరు గద, గిదీ గంతే’ అనేవాడు వచ్చినవాళ్ళతో.

ఆ పన్నెండోది మాత్రం శిక్షణ రోజు సాయంత్రమే నా సంచిలో ఇంటికొచ్చింది. మా అమ్మ చూసి మురిసిపోయింది. ‘ఎక్కడిదిరా అబ్బాయ్, ఇంత బాగుంది?’ అంటే, ‘ఆఫీసులో ఇచ్చారమ్మా’ అన్నాను. మందుల ఆఫీసులో పప్పుగుత్తులు బహుమతి ఇస్తారని మా బంధువర్గం ఏళ్ళ తరబడి నమ్మింది. మా పిన్నయితే వాళ్ళబ్బాయికి కూడా అక్కడే ఉద్యోగం చూడమంది.

పోయిన నెల పూలక్క రమ్మంటే ఎల్బీనగర్ వెళ్ళాను. ఇప్పుడు ఆమే శిక్షణ ఇస్తోంది. జుట్టు సగం తెల్లబడింది, మెడలో కార్డు మాత్రం కొత్తది. నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు, చాపమీద వెనక వరుసలో కూర్చోబెట్టి, ‘గీ సారుకు మాట్లాడుడు నేర్పింది నేనే’ అని కొత్తవాళ్ళకు చూపించింది. అందరూ నన్ను జాలిగా చూశారు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ దోసకాయ పప్పు మెదుపుతోంది, దాంతోనే. ఎందుకో ఆ రోజు దాచబుద్ధి కాలేదు. పక్కన పీట వేసుకుని కూర్చుని మొత్తం చెప్పేశాను. తాత, బొమ్మ, మూట, అరుపు, టప్పు టప్పుమనడం, ఏదీ వదల్లేదు. అమ్మ పప్పుగుత్తిని పైకెత్తి గాట్లవైపు చూసింది.

‘కడిగే కదరా తెచ్చావు?’

‘కడిగాను.’

‘మరి ఇన్నేళ్ళూ చెప్పకపోవడమెందుకు? అప్పుడే చెబితే ఏం పోయింది?’ అని మళ్ళీ మెదపడం మొదలుపెట్టింది.

అచ్చం వడ్ల తాత మాటే. అప్పుడు కనిపించాడు నాకు, సిటీ బస్సులో తులసిమాల పెద్దాయన పక్కన, పురికొస కట్టిన మూటను ఒళ్ళో గట్టిగా పట్టుకుని చెమటలు కక్కుతున్న ఆ ఇరవై నాలుగేళ్ళవాడు. ఇప్పుడు వాడి పక్కన సీటు దొరికితే, ‘విప్పి చూసుకోరా నాయనా’ అందును. వాడు వినడు. అయినా వినకపోవడమే మంచిదైంది, లేకపోతే ఈ దోసకాయ పప్పుకు ఇంత రుచి ఎక్కడిది?