రాక్షసుడికి మేకప్

తిరువూరు బస్టాండు వెనక సందులో సాహెరా నడిపే బ్యూటీ పార్లర్‌కి వెళ్తే, అద్దం ముందు క్రీముల పక్కనే బొటనవేలంత ప్లాస్టిక్ రాక్షసులు వరసగా నిలబడి ఉంటారు. తమ్ముడు నాజిమ్, వాడి స్నేహితులు బల్ల మీద ఆడే యుద్ధం ఆటకి అవి కావాలి. రంగులు వేసేది మాత్రం సాహెరాయే. కనుబొమలు దిద్దే చేత్తోనే, నాలుక కొన బయటపెట్టి, ఊపిరి బిగబట్టి వాటి కోరలు దిద్దుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన రంగుల సీసాల మీద గొప్ప గొప్ప ఇంగ్లీషు పేర్లుంటాయి. ఆమె అవేం చదవదు. ఒక చుక్క గోటి మీద వేసుకుని, ఊది, ఆరాక గీకి చూస్తుంది. “తడి మీద ప్రతివాడూ అందగాడేనండీ, ఆరాక చూడాలి” అంటుంది, పెళ్ళికూతుళ్ళు వింటుండగానే. వెలిసిపోయినట్టుండే రంగులు ఆమెకు గిట్టవు. ఆమె చేతిలో పడ్డ రాక్షసుడికి చిలకపచ్చ ఒళ్ళు, నేరేడుపండు పెదవులు తప్పవు. యుద్ధంలో దాక్కోవద్దా అని నాజిమ్ అడిగితే, “దాక్కునేవాడికి మేకప్ ఎందుకురా?” అంది.

మొన్న రైస్ మిల్లు వాళ్ళ సీతామహాలక్ష్మిగారు కూతురు సాయిప్రసన్నని పెళ్ళి మేకప్ ఎలా ఉంటుందో చూడ్డానికి తీసుకొచ్చింది. సాహెరా ఆ చామనఛాయ బుగ్గకి కాస్త ఎరుపు అద్దబోతే, ఆవిడ చెయ్యి పట్టుకుంది. “ఆ రంగులేం వద్దమ్మా. ఫొటోల్లో పిల్ల తెల్లగా రావాలి, అంతే.” సాహెరా ఎరుపు పక్కన పెట్టి తెలుపే పూసింది. పూత అయ్యాక సాయిప్రసన్న అద్దంలో తన మొహం చూసుకుంది, తర్వాత పక్కనున్న రాక్షసుణ్ణి చూసింది.

“అక్కా, వాడికన్ని రంగులేశావు, నాకు సున్నమేనా?”

సాహెరా బ్రష్ కడుక్కుంటూ అంది: “వాడి వెంట వాళ్ళమ్మ రాలేదమ్మా.”