అవ్వ లేపలేకపోయిన ముక్కు

ఇది రాయకూడదనే అనుకున్నాను. దారాలు, సూదులు, గుండీలు అమ్ముకునేవాడికి ఈ రాతలెందుకని ఒక కారణం. పోయిన మనిషి ఈ కాగితాన్ని చూసి ఉంటే, "ఇందులో సున్నిపిండి పొట్లం కట్టుకోవచ్చునా అప్పా?" అని అడిగి ఉండేదన్నది రెండో కారణం. కానీ నిన్న కాటన్‌పేటలో మా అంగడి మెట్టు మీద నిలబడి ఒకాయన, "ఆ కుక్క అవ్వ పోయిందంట గదా" అన్నాడు. ఆయనకు ఆరో నెల వచ్చేదాకా నీళ్ళు పోసింది ఆ అవ్వే. నల్ల దారం కట్టిచ్చి పంపేసి, గల్లాపెట్టె పక్కన కూర్చుని ఇది మొదలుపెట్టాను.

పోయిన మంగళవారం పొద్దున మా నీళ్ళవ్వ పోయింది. ఎప్పటిలాగే గుమ్మం పక్కన ఎండకు కూర్చుంది. పక్కింటామె కాఫీ ఇచ్చి, గ్లాసు తీసుకుందామని తిరిగి వచ్చేసరికి గోడకు ఒరిగి ఉంది. గ్లాసు ఖాళీ. "తాగే పోయిందప్పా, అంతమటుకు మేలు" అంటూ పక్కింటామె గ్లాసును కొంగులో పెట్టుకుని ఏడ్చింది.

నీళ్ళవ్వ అంటే కుళాయి దగ్గర బిందెలు మోసే మనిషి అనుకునేరు. పసిబిడ్డలకు నీళ్ళు పోసే అవ్వ. మా వీధిలో బిడ్డ పుడితే మొదట కబురు వెళ్ళేది ఆమెకే. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఆముదం రాసి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసేది. అన్నిటికన్నా ముఖ్యమైన పని చివర్న ఉండేది. బొటనవేలు, చూపుడువేలు నూనెలో ముంచి బిడ్డ ముక్కును పైనుంచి కిందికి మెల్లగా లాగేది. పసిముక్కు మైనం లాంటిదని, లాగినట్టు నిలుస్తుందని మా ఆడవాళ్ళ నమ్మకం. నిజమో కాదో నాకు తెలియదు. నేను చదివింది రెండో తరగతి. తక్కినదంతా అంగడికి తూకానికి వచ్చిన పాత పత్రికలు. వాటిలో ముక్కుల సంగతి ఎవరూ రాయలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. మా వీధిలో పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళు పిల్ల ముక్కు బాగుందంటే, పిల్ల తల్లి కన్నా ముందు అవ్వ తల ఊపేది.

నా ముక్కు గురించి కూడా ఇక్కడే చెప్పేయాలి. అది కొంచెం ఎడమకు వంగి ఉంటుంది. ఎందుకో తర్వాత చెబుతాను. దారం అమ్మేవాడికి తుంచడం కంటే సాగదీయడమే బాగా వస్తుంది.

ఆ కుక్క వచ్చింది దొరలు పెట్టెలు సర్దుకుని పోతున్న ఏడాది. దండులో, అంటే దొరల కంటోన్మెంటులో, ఒక బంగళా వంటవాడి భార్య ప్రసవిస్తే అవ్వ జుట్కాలో వెళ్ళి వచ్చేది. ఒకరోజు తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఒడిలో చీరకొంగు కప్పి ఏదో ఉంది. అది గురక పెడుతోంది. జుట్కావాడు మా అంగడి ముందు బండి ఆపి నవ్వు ఆపుకోలేక, "దీన్ని చూడన్నా! ఏ గోడకో గుద్దుకునుండాది!" అన్నాడు.

చూశాను. కుక్కే. ముక్కు ఉండాల్సిన చోట నల్లటి గుండీ కుట్టినట్టుంది. దాని చుట్టూ ముఖమంతా మడతలు, మడతల్లో చీము, ఒక కంట్లో తెల్లటి పొర. ఊపిరి తీస్తే రంపం కోసిన చప్పుడు. దొర ఓడెక్కాడు, దీన్ని తుపాకీతో కాల్చి పాతిపెట్టమని చెప్పిపోయాడట. వంటవాడికి చేతులు రాలేదు. అవ్వకు చేతులు ఊరుకోలేదు.

"పాపం, బిడ్డగా ఉన్నబ్బుడు ముక్కు లాగేవాళ్ళు లేకపోయినారప్పా" అంది నాతో. "ఆ దొరసానులకు ఏం తెలుసు? నూనె పెట్టరు, నలుగు పెట్టరు. అణగిపోయుండాది. ఊపిరాడక చస్తా ఉండాడు."

"అవ్వా, కుక్కకు ముక్కు లేపుతావా?"

"నీకే లేపినాను. ఇదొక లెక్కా?"

మర్నాటి నుంచి మొదలు. పొద్దున బిడ్డలకు పోయడానికి వెళ్ళేముందు వాడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకునేది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి ఒక్కో మడత విప్పి తుడిచేది, పొడిగుడ్డతో ఒత్తేది, ఆముదం రాసేది, ముక్కు లాగేది. సాంబ్రాణి ఒక్కరోజే వేసింది. వాడు కళ్ళు తేలేశాడు. ఆ మూకుడు మళ్ళీ కనబడలేదు. మా పేటలో దూది బేళ్ళు విప్పితే గాలినిండా నూగు ఎగురుతుంది. అది వాడి ఊపిరికి అడ్డుపడుతోందని గుమ్మానికి తడిగుడ్డ వేలాడదీసింది. అన్నం మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి, వాడు మింగేదాకా గొంతు నిమిరేది. వీధి వాడికి చప్పిడి అని పేరు పెట్టింది. అవ్వ మాత్రం "బిడ్డ" అనే అనేది. ముక్కు వచ్చాక పేరు పెడతానంది.

అక్కడే తేడా వచ్చింది. కుక్కను తుడిచిన చేతులతో మా బిడ్డను ముట్టుకుంటుందా అని ఒక ఇంటివాళ్ళు మానిపించారు. తర్వాత ఇంకో ఇల్లు. నెల తిరిగేసరికి అవ్వ పొద్దున పూట గుమ్మంలో ఊరికే కూర్చోవడం మొదలైంది. ఆమెకు తెలిసిన పని అదొక్కటే. ఆమె తల్లి చేసిన పనీ అదే.

సరిగ్గా అప్పుడే నా కూతురు దేవనహళ్ళి నుంచి కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నా భార్య ఖచ్చితంగా చెప్పింది: "ఆ కుక్కను వదిలితేనే అవ్వ మన గడప తొక్కేది. పోయి చెప్పి రాండి." నేను వెళ్ళాను. ఇక్కడ నన్ను మంచివాడిగా రాసుకోవచ్చు. కానీ చూసినవాళ్ళంతా ఇంకా ఈ వీధిలోనే ఉన్నారు. వెళ్ళాను, చెప్పాను కూడా.

అవ్వ కుక్క చెవి వెనుక తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"నీ ముక్కు నా మొదటి ముక్కప్పా" అంది. "నాకబ్బుడు పన్నెండేండ్లు. మా అమ్మ చెంబు అందుకునే లోపల నిన్ను నా కాళ్ళ మీదేసుకొని లాగినాను. ఎడమకు పోయింది. మా అమ్మ నా వీపు పగలగొట్టింది. మీ అమ్మ ఏమనిందో తెలుసా? 'పోనీలే, రేపటి నుంచీ ఈ పిల్లే పోయనీ, చెయ్యి కుదురుతాది' అనింది." గుడ్డ పిండింది. "ఒక ముక్కు పోయిందని ఆయమ్మ నన్ను వదల్లేదు. ముక్కు రాలేదని నేను వీన్ని వదలాల్నా? చాలప్పా, పో. పాపకు ఇంకెవురినైనా పిలుచుకో."

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. "ఎడమకే పోయిందా? నేను పెళ్ళినాటి నుంచీ నా కంటి దోషమనుకుంటా ఉండాను" అంది.

వేరే పేట నుంచి ఇంకొకామె వచ్చి నాలుగు రోజులు పోసింది. ఆమె తొందర మనిషి. పాపకు పడిశం పట్టింది. ముక్కు బిగుసుకుపోయి పాలు తాగలేక వదిలేసేది, ఏడ్చేది. ఆ ఏడుపు గోడ అవతలికి వినబడేది. గోడ అవతలే అవ్వ ఇల్లు. ఆమె కుక్క గురక మాకు వినబడేది. ఐదో రోజు నా కూతురు పక్క మీది నుంచే అంది: "నాయనా, పొద్దున అవ్వ తుడిచినాక ఆ కుక్క గురక తగ్గుతాది. నేను రోజూ వింటా ఉండాను. అవ్వను పిలుస్తారా, నన్నే లేచి పొమ్మంటారా?"

నా భార్య నా వైపు చూసింది. నేను చెప్పులు వేసుకున్నాను.

అవ్వ రావడానికి కాసేపు పట్టింది. మా పెరట్లో బూడిదతో ఒకసారి, సీకాయతో ఒకసారి మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. రెండు చేతులూ ఎత్తి నా భార్య ముఖం ముందు పెట్టింది. "చూసుకో తల్లీ. తర్వాత అనొద్దు." నా భార్య పీట వేసింది. అవ్వ పాపను అటూ ఇటూ తిప్పి, గోరువెచ్చని గుడ్డతో ముక్కు తుడిచి, భుజానికెత్తుకుని వీపు నిమిరింది. ఆ రోజు పాప కడుపునిండా తాగింది. ఇందులో మహిమ ఏమీ లేదు. తొందరపడని మనిషి ఒకరు దొరికారు, అంతే.

తర్వాత కొన్ని ఇళ్ళు మళ్ళీ పిలిచాయి. కొన్ని పిలవలేదు. ఆమె అడగలేదు.

కుక్కను పశువుల డాక్టరుకు చూపిద్దామని నేనే అవ్వను, చప్పిడిని జుట్కా ఎక్కించాను. చేసిన దానికి ఏదో ఒకటి చేయాలి కదా. కుర్ర డాక్టరు, నెమ్మది మనిషి. అంతా చూసి, "అవ్వా, ఈ జాతి కుక్కలు పుట్టేదే ఇట్లా. వీనికి ముక్కు అణగలేదు, ఉండేదే ఇంత. లాగితే వచ్చేది కాదు" అన్నాడు. అవ్వ ముఖం వాడిపోయింది. ఆయన మడత ఒకటి విప్పి చూసి, "ఇవి ఎవురు తుడుస్తా ఉండారు?" అన్నాడు. అవ్వ నేరం చేసినట్టు చెయ్యి ఎత్తింది. "అందుకే వీడు బతికుండాడు. ఇట్లాంటివి మడతలు కుళ్ళి, కండ్లు పోయి నా దగ్గరికొస్తాయి. గురక పోదు. ఎండలో తిప్పొద్దు, లావు కానీయొద్దు. తుడిచేది మాత్రం ఆపొద్దు."

పేట దగ్గర పడ్డాక అవ్వ మెల్లగా అంది: "చిన్నోడు, మంచోడే. ఆయన ముక్కు చూసినావా అప్పా? ఎవురో పని రానివాళ్ళు లాగినారు."

మర్నాడు మళ్ళీ ఆముదం. రెండేళ్ళు, ఒక్క పొద్దూ తప్పలేదు. ఒకసారి అడిగాను: "రాదని తెలిసీ ఎందుకవ్వా?" "వచ్చేదానికే చేస్తామా అన్నీ?" అంది. ఇంకోసారి అదే అడిగితే, "నీకేం పోతాది, నువ్వు దారం చుట్టుకో" అంది. రెండో జవాబే నాకు ఎక్కువ నచ్చింది.

ఆమె పోయిన రోజు చప్పిడిని ఎవరు తీసుకోవాలన్న మాట వచ్చేలోపే నా భార్య వాడిని చంకనేసుకుని మా ఇంట్లోకి వచ్చేసింది. మూడు రోజులు వాడి ముఖం తుడవాలని ఎవరికీ గుర్తు లేదు. నాలుగో రోజుకు మడతలు ఎర్రబడ్డాయి.

ఈ పొద్దున వాడు తానే పెరట్లోకి వచ్చి, స్నానాల బండ పక్కన కూర్చుని ముఖం పైకెత్తాడు. నా భార్య వేడినీళ్ళూ గుడ్డా తెచ్చి నా ముందు పెట్టింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపాను. మడతలన్నీ తుడిచాను, పొడిగుడ్డతో ఒత్తాను. ఆముదంలో వేళ్ళు ముంచి ముక్కును పైనుంచి కిందికి మూడుసార్లు లాగాను. కొంచెం ఎడమకు పోయినట్టుంది. వాడు తుమ్మాడు. నేను చేతులు కడుక్కుని అంగడికి వచ్చాను.