యితి కొండదారిలో ఆఖరి మనిషి

మా ఆయన పక్కన సైకిల్ తొక్కాలంటే తొక్కడం సరిగ్గా రాకూడదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి తొక్కడం బాగా వచ్చేసింది. అదీ నా ఖర్మ.

మస్కట్‌లో మాది దార్సైట్‌లో ఫ్లాటు. నేను ఆసుపత్రిలో నర్సుని, ఆయనకి ఖురంలో ఆఫీసు ఉద్యోగం. నేను డ్యూటీకి వెళ్ళేసరికి ఆయన నిద్రలో ఉంటారు, నేను తిరిగొచ్చేసరికి ఆఫీసులో ఉంటారు. ఇక్కడ వారం సెలవు శుక్రవారం గనక చర్చి కూడా ఆ రోజే. అక్కడ మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. ఇక మాకంటూ మిగిలింది శనివారం ఒక్కటే. దాన్ని కాస్తా సైకిల్ ఎత్తుకుపోయింది.

గ్రావెల్ సైకిలట. రేసు సైకిల్లాగా వంకర హ్యాండిలు, టైర్లు మాత్రం లావు. నున్నటి తారురోడ్డు మీద తొక్కితే ఏం మజా ఉంది, కంకర మీదా రాళ్ళ మీదా తొక్కాలి అనుకునే మనుషులకి చేసిన బండి. శనివారం పొద్దున్నే మా ఆయనా, ఇంకొందరు మన తెలుగువాళ్ళూ సైకిళ్ళని కార్ల వెనక కట్టుకుని యితి అనే ఊరి వైపు వెళ్తారు. సముద్రం పక్కన కొండల్లో మట్టిదారులు పట్టి తిరుగుతారు. ఒక వైపు గడ్డిపరక మొలవని మాడు రంగు కొండ, ఇంకో వైపు కింద నీలంగా సముద్రం. ఇంటికొచ్చి ఆ కబుర్లు చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయేది, నాకు ఒళ్ళు మండేది. నాతో టీ తాగేటప్పుడు ఆ వెలుగు ఎక్కడికి పోతుందో అడగాలనిపించేది.

అడగలేదు. నేనూ వస్తానన్నాను. ఎవరో అమ్మేస్తున్న సైకిల్ ఒకటి కొనిపించుకున్నాను. వ్యాయామం కోసం అని అందరికీ చెప్పాను గానీ, వ్యాయామం ఎవరిక్కావాలి? రోజంతా వార్డులో పరిగెడుతూనే ఉంటాను. నా ఆశల్లా ఒకటే. వారానికి ఒక్క పూట ఆయన పక్కన, ఆయనతో మాట్లాడుకుంటూ పోవాలి.

మొదట్లో ఆ ముచ్చట తీరింది కూడా. నేను పడుతూ లేస్తూ తొక్కినన్నాళ్ళూ ఆయన నన్ను వదల్లేదు. "టైర్లలో గాలి కాస్త తగ్గించు, రాళ్ళ మీద పట్టు దొరుకుతుంది" అనేవారు. "ఎక్కేటప్పుడు సీటు మీంచి లేవకు, వెనక చక్రం జారిపోద్ది" అనేవారు. పెళ్ళయిన కొత్తలో కూడా నాతో అంత మాట్లాడలేదు. కానీ వార్డుకి అలవాటైన కాళ్ళు కదా, ఊరుకుంటాయా? కొన్నాళ్ళకే ఎక్కుళ్ళన్నీ సైకిల్ దిగకుండా ఎక్కేయడం మొదలెట్టాను. "ఇంక నీకు నాతో పన్లేదే" అన్నారాయన సంబరంగా. పిచ్చిదాన్ని, నేనూ సంబరపడ్డాను.

ఆ గుంపులో ఒక పద్ధతుంది. అందరికంటే వెనకబడ్డ వాళ్ళకి తోడుగా ఒకరు ఉండాలి. ఆ తోడుండే వాళ్ళని ఆఖరి మనిషి అంటారు. ఆఖరి మనిషి పైకి చేరేదాకా ఎవరూ కదలకూడదు. ఆ పని మా ఆయనది. ఎవరూ అప్పజెప్పలేదు, ఆయనే నెత్తిన వేసుకున్నారు. నేను వెనకబడటం మానేశాను గనక ఆయన నాకు కనపడటం మానేశారు.

అప్పుడొచ్చింది మవాలే అమ్మాయి. అల్ మవాలేలో ఉంటుంది, జగిత్యాల వైపు వాళ్ళు. భర్త ఏదో కంపెనీ సైట్‌లో ఇంజనీరు, శనివారాలు కూడా డ్యూటీయే. కొత్త సైకిలు, కొత్త హెల్మెట్టు, తొక్కడం మాత్రం ఏమీ రాదు. చిన్న ఎత్తు కనబడితే చాలు "అయ్యో సార్, నాతోని గాదు" అని కాలు కింద పెట్టేది. మా ఆయన పక్కన ఆగి "మెల్లిగా రండి మేడమ్, తొందరేం లేదు" అనేవారు. తొందరేం లేదట! ఇంట్లో నేను చీర కుచ్చిళ్ళు సర్దుకునేలోపు కింద కార్లోంచి హారన్ కొట్టే మనిషి.

నేను ముందు తొక్కుతుంటే వెనకనుంచి వాళ్ళ నవ్వులు వినబడేవి. ఏం జోకులో ఏమో. ఆ అమ్మాయి మీద అనుమానం లేదు, ఆయన మీద అసలే లేదు. అనుమానమైతే పోట్లాడొచ్చు. ఇది ఉత్త కుళ్ళు. ఆమెకి ఎక్కడం రాకపోవడం చూసి నాకు కుళ్ళు. ఆమె ఆయాసం చూసి కుళ్ళు. ఆమె మోకాలు గీసుకుపోతే ఆయన తన సీసాలో నీళ్ళతో కడిగారు. నర్సుని నేను పక్కనే నిలబడి ఉన్నాను!

ఇంటికొచ్చాక దెప్పితే ఆయనకి అర్థం కూడా కాలేదు. "పైవాళ్ళమ్మాయి, మనల్ని నమ్మి వచ్చింది. నువ్వంటే మన మనిషివి" అన్నారు. మనవాళ్ళ మర్యాదే అంత. విందులో పైవాళ్ళకి కొసరి కొసరి వడ్డిస్తాం, ఇంట్లోవాళ్ళం అడుగున మిగిలింది తింటాం. ఎవరూ ఏమీ అనుకోరు. సైకిల్ దగ్గర కూడా అంతే కాబోలు. మన మనిషి! ఆ మాటకి పూర్వం మురిసిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం చేతిలో ఉన్న గరిటె సింకులోకి విసిరేశాను.

మరుసటి శనివారం నేనూ వెనకబడతానని తీర్మానించుకున్నాను. యితి దాటాక పెద్ద ఎక్కుడొకటి ఉంది. మెలికలు తిరుగుతూ కొండ నెత్తి దాకా పోతుంది, పైనుంచి చూస్తే సముద్రం. దాని మొదట్లోనే గేరు తగ్గించి, నీరసంగా, మవాలే అమ్మాయి కంటే వెనక తొక్కాను. అంత మెల్లిగా తొక్కడం ఎంత కష్టమో నాకే తెలుసు. ఆయన వెనక్కి చూశారు. ఆగారు. నేను ఆశపడ్డాను, సిగ్గు లేకుండా.

"మంచి పని చేశావ్" అన్నారు. "ఆవిణ్ణి నేను పైకి చేర్చేస్తాను. ఇవాళ ఆఖరి మనిషివి నువ్వుండు. వెనకాల నువ్వున్నావంటే నాకింక బెంగుండదు."

అనేసి వెళ్ళిపోయారు. ఇద్దరి వీపులూ పక్కపక్కన మెలిక తిరిగి కనుమరుగైపోయాయి. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. చివరికి కోపమే గెలిచింది. సైకిల్ని దారి పక్కన పడుకోబెట్టి, ఒక బండ మీద కూర్చున్నాను. రాను. ఆఖరి మనిషి రాకపోతే ఎవరూ కదలకూడదు కదా, చూద్దాం ఎవరు దిగొస్తారో.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎండ ముదిరి బండ కాలడం మొదలైంది. కింద నుంచి ఒక పికప్ వచ్చింది, వెనక మేకలు. ఒమానీ పెద్దాయన బండి ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టి "సిస్టర్, మాఫీ ముష్కిల్?" అని అడిగాడు, ఇబ్బందేం లేదు కదా అని. "మాఫీ ముష్కిల్" అన్నాను. వెంటనే నా మీద నాకే చిరాకేసింది. ఎవరడిగినా ఇదే కదా చెబుతాను. పెద్దాయన నమ్మలేదు కాబోలు, ఒక నీళ్ళసీసా చేతిలో పెట్టి మరీ వెళ్ళాడు.

తర్వాత పైమెలిక దగ్గర కంకర జారిన చప్పుడైంది. ఆ క్షణం నేను జుట్టు సర్దుకున్నాను. ఎందుకు దాచడం, సర్దుకున్నాను.

దిగొచ్చింది మవాలే అమ్మాయి. సైకిల్ పైనే వదిలేసి, నడిచి, జారుతూ, రాళ్ళు పట్టుకుంటూ.

"అక్కా! పడ్డవా ఏంది? దెబ్బలేమన్న తాకినయా?" అంది రొప్పుతూ. "సార్ ఏమో 'ఆమెకేం గాదు, వచ్చేస్తది' అనుకుంట కూసున్నరు. నాకేమో పానం ఆగలే. ఒక్కదానివే ఉన్నవని ఉరికొచ్చిన."

అంత కష్టపడి ఎక్కిన కొండ నా కోసం దిగింది. మళ్ళీ ఎక్కాలి, ఆమెకది ఎంత కష్టమో చూస్తూనే ఉన్నాను. ఛీ, దీనికి మంచితనం కూడా ఉండాలా అనిపించింది. కుళ్ళు పోతుందేమో అనుకున్నాను, పోలేదు. నీళ్ళసీసా ఇచ్చాను. గటగటా తాగింది. నా సైకిల్ చెరో వైపు పట్టుకుని తోసుకుంటూ పైకి నడిచాం. దారిలో ఎందుకు కూర్చున్నావని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

పైన అందరూ ఫ్లాస్కులో టీ పోసుకుని, ఖర్జూరాలు తింటూ కూర్చున్నారు. మమ్మల్ని చూడగానే మా ఆయన చెయ్యెత్తారు. "చెప్పానా? వచ్చేస్తుందన్నానా లేదా?" అన్నారు అందరితో. "మా ఆవిడ సంగతి నాకు తెలీదా!"

ఆ గొంతులో ఎంత గర్వమో. నిజమైన గర్వమే. అందుకే ఇంకా కడుపు రగిలిపోయింది.

"నేను రాలేదండీ" అన్నాను. "ఈ అమ్మాయొచ్చి తీసుకొచ్చింది."

ఆయన కంగారుగా లేచి వచ్చారు. చక్రం తిప్పి చూశారు, చైను చూశారు, నా మోచేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏమైందే? ఎక్కడ తగిలింది?"

"ఎక్కడా తగల్లేదు" అన్నాను. "మీరొస్తారేమోనని కూర్చున్నాను."